దీవి మీద ఇల్లు, మన బడి వరండా

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, బడి పాత హాల్లో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు దీవుల్లో బాగా ఖరీదైన హోటళ్ళు కడతావంట గదా, వాటి గురించి ఓ అరగంట చెప్పు, ఫోటోలు కూడా వెయ్యి" అన్నాడు. ప్రొజెక్టరు తెప్పించారు గానీ, కిటికీలన్నీ మూస్తే తప్ప తెర మీద బొమ్మ కనపడటం లేదు. మూస్తే ఈ ఉక్కలో మీరు కూర్చోలేరు. అందుకని ఫోటోలు మానేశాను. నేను చెప్పబోయేది ఆ కిటికీల గురించే కాబట్టి పెద్ద నష్టం లేదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. స్వర్ణోత్సవ గుర్తుగా కొత్త భవనం కట్టాలనీ, దానికి ఈ పాత హాలూ వరండాలూ తీసేయాలనీ, రోడ్డు వైపు అద్దాలతో ముఖభాగం రావాలనీ, దానికి అడ్డం వస్తోంది కాబట్టి నిద్రగన్నేరు చెట్టు కొట్టేయాలనీ కమిటీ అనుకుంది. నన్ను ఉచితంగా ప్లాను గీసి పెట్టమన్నారు. గీశాను. కానీ అడిగింది గీయలేదు. ఎందుకు గీయలేదో చెప్పుకోవడానికే ఈ అరగంట వాడుకుంటున్నాను. నన్ను పిలిచిన వాళ్ళు క్షమించాలి.

దీవి అనగానే మనకి మాల్దీవులూ బాలీ గుర్తొస్తాయి. మన దివిసీమ కూడా దీవే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, మధ్యలో మనల్ని పెట్టి, అటూ ఇటూ సముద్రంలో కలుస్తుంది. ఉప్పుగాలికి ఇనుప ఊచలు తుప్పు పట్టడం, బోరు లోతుకి దించితే ఉప్పునీళ్ళు రావడం, తుఫాను ముందు గాలి ఒక్కసారిగా ఆగిపోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చదివిన ఆర్కిటెక్చర్ కాలేజీలో ఇవి నేర్పలేదు. నేర్పకపోగా, ఉన్నది కూడా మరిపించారు.

మా నాన్న ఎవరో పాతవాళ్ళకి తెలుసు. ప్రతి మే నెలలో ఈ బడి కప్పు ఎక్కి పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దే మేస్త్రి. హాలుకి బంగళా పెంకు, చుట్టూ వరండాకి గూన పెంకు. నేను కింద నిలబడి పెంకులు అందించేవాణ్ణి. తోటి పిల్లలెవరైనా ఇటు వస్తే చెట్టు వెనక్కి పోయి దాక్కునేవాణ్ణి. అరవయ్యో పడి దగ్గరపడ్డాక ఆ మాట మైకులో చెప్పగలుగుతున్నాను.

ఇక నా తప్పు సంగతి. 1995లో, నాకు ముప్ఫై నిండకముందే, ఒక దీవిలో పన్నెండు విల్లాల హోటలు పని చేతికొచ్చింది. ఏ దేశమో, ఎవరి హోటలో చెప్పను. తప్పు వాళ్ళది కాదు, నాదే. పడమట సముద్రం. సూర్యాస్తమయం మంచం మీద నుంచే కనపడాలని పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా గాజు గోడ పెట్టాను. ఇటలీ పాలరాయి ఓడలో తెప్పించి నేలకి పరిచాను. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. నేను వాటిని కత్తిరించి ఇంటికి పోస్టులో పంపాను.

మొదటి సీజన్లో వెళ్ళి చూద్దును గదా, మధ్యాహ్నం మూడింటికి పన్నెండు విల్లాలకి పన్నెండింటికీ తెరలు దించేసి ఉన్నాయి. సముద్రం చూడ్డానికి వేల మైళ్ళు ఎగిరొచ్చిన మనిషి తెర వెనక లైటు వేసుకుని కూర్చున్నాడు. ఏసీ ఇరవై నాలుగ్గంటలూ నడుస్తోంది. ఏసీని నడపడానికి దీవి వెనక జనరేటరు, ఆ జనరేటరుకి పడవల్లో డీజిలు. తలుపు తీసినప్పుడల్లా బయటి తేమగాలి చల్లటి పాలరాయికి తగిలి నీళ్ళవుతోంది. మనం మంచినీళ్ళ గ్లాసులో ఐసు వేస్తే బయట చెమట పట్టినట్టు. ఒక పెద్దావిడ జారిపడి మణికట్టు విరిగింది. గదులు శుభ్రం చేసే కుర్రాడు పొద్దస్తమానం మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలుతో నేల తుడుస్తూనే ఉన్నాడు. నేనే ఆ గది గీసినవాణ్ణని తెలియక నన్నే అడిగాడు: "ఈ గదికెందుకు సార్ ఇంత చెమట?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఎనిమిదో తరగతి సైన్సులోనే చెప్పారు. మాస్టారు ఇక్కడే ఉన్నారు, తల వంచుకుని చెబుతున్నాను.

ఉష్ణమండలపు దీవి వేడికీ మన కర్నూలు వేడికీ పోలిక లేదు. కర్నూల్లో పగలు మండిపోతుంది, రాత్రికి కాస్త చల్లబడుతుంది. గాలి పొడి. అక్కడ మందపాటి రాతిగోడ పగటి వేడిని లోపలికి రానివ్వకుండా ఆపి, రాత్రి బయటికి వదిలేస్తుంది. దీవిలో పగటికీ రాత్రికీ తేడా తక్కువ. గాలి నిండా తడి. గోడ ఎంత మందంగా కట్టినా లాభం లేదు. ఒంటి చెమట ఆరాలి, అంతే. చెమట ఆరాలంటే గాలి కదలాలి. గాలి కదలాలంటే అది వచ్చే కిటికీ ఒక్కటే చాలదు, పోయే కిటికీ కూడా ఉండాలి. ఇక సూర్యుడు. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నచోట మధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు, చూరు ఆపేస్తుంది. సాయంత్రం పడమట కిందికి దిగి అడ్డంగా వస్తాడు. ఆ ఎండని ఏ చూరూ ఆపలేదు. పడమటి గోడకి గాజు పెట్టడమంటే కుంపటికి ఎదురుగా మంచం వేసుకోవడమే. మన ఊళ్ళో ఏ మేస్త్రీ ఆ పని చేయడు. నేను చేశాను.

సిగ్గేసి కొన్నాళ్ళు కాగితం మీద గీత పెట్టలేకపోయాను. 1998లో సొంత డబ్బుతో శ్రీలంక వెళ్ళి, కండలమ హోటల్లో రెండు రాత్రులున్నాను. ఒక రాత్రి అద్దె మా నాన్న నెల సంపాదన కంటే ఎక్కువ. ఆ లెక్క ఆయనకి చెప్పలేదు.

ఆ హోటలు గీసినాయన జెఫ్రీ బావా. 1919లో కొలంబోలో పుట్టి, ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివి వకీలయ్యాడు. ఆ పని నచ్చలేదు. 1948 ప్రాంతంలో బెంతోట దగ్గర చెరువొడ్డున ఒక పాత రబ్బరు తోట కొన్నాడు. దానికి లునుగంగ అని పేరు. సింహళంలో లును అంటే ఉప్పు. అంటే ఉప్పుటేరు అన్నమాట, మన మాటే. ఆ తోటని తీర్చిదిద్దుకోవాలంటే తనకి పనితనం చాలదని తెలిసి మళ్ళీ లండన్ వెళ్ళి చదివి, 38వ ఏట ఆర్కిటెక్టుగా పట్టా పుచ్చుకున్నాడు. మనలో పదో తరగతి తప్పి బెంగపడ్డవాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకోవచ్చు. 2003లో పోయాడు, అంతకు ముందు దశాబ్దాల తరబడి ఆ తోటలో మార్పులు చేస్తూనే ఉన్నాడు. దేవగన్నేరు కొమ్మలు తనకి కావలసిన వైపు వంగాలని వాటికి బరువులు వేలాడదీసేవాడట.

1991లో ఒక పెద్ద హోటలు కంపెనీ ఆయన దగ్గరికి వచ్చింది. సిగిరియ తెలుసు గదా, అయిదో శతాబ్దంలో కాశ్యపుడు అనే రాజు పైన కోట కట్టుకున్న మహాశిల. ఆ శిల పాదాల దగ్గర హోటలు కట్టాలని వాళ్ళ ఆలోచన. ఎవరికైనా అదే తోస్తుంది. అతిథి కిటికీ తీస్తే ఎదురుగా సిగిరియ ఉంటే అంతకంటే ఏం కావాలి? బావా ఒప్పుకోలేదు. అక్కడ కాదని, దూరంగా కండలమ చెరువు పక్కనున్న కొండచరియ చూపించాడు. అక్కణ్ణుంచి చూస్తే చెరువు, చెరువు అవతల అడవి, అడవి అంచున చిన్నగా సిగిరియ.

నా వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. పర్యావరణం, సౌరఫలకాలు, గుర్తింపు పత్రాలు అవన్నీ తర్వాత. ఇల్లు ఎక్కడ కడుతున్నాం, దేనికి అడ్డంగా నిలబెడుతున్నాం అన్న దగ్గరే సగం మంచీ సగం చెడూ తేలిపోతాయి. ఇచ్చిన స్థలం తప్పయితే ఎంత మంచి ప్లానైనా ఆ తప్పుని మొయ్యాల్సిందే. డబ్బిచ్చేవాడితో "ఇక్కడ కాదు" అనగలగడం ఆయన వయసుకీ పేరుకీ సాధ్యమయింది. అప్పటికి ఆయనకి 72 ఏళ్ళు. నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు సాధ్యం కాలేదు. ఇవాళ ఈ వేదిక మీద కూడా నా కాళ్ళు కొంచెం వణుకుతున్నాయి.

చోటు మార్చినంత మాత్రాన అందరూ మెచ్చుకోలేదు. కండలమ చెరువు పాతకాలపు చెరువు. దాని మీద ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. హోటలు మురుగు చెరువులో కలుస్తుందని గ్రామస్తులూ బౌద్ధ భిక్షువులూ పర్యావరణం మీద పట్టింపు ఉన్నవాళ్ళూ గట్టిగా ఎదురు తిరిగారు. రామప్ప, పాకాల చెరువుల నీళ్ళు తాగిన తెలుగువాళ్ళకి ఆ కోపం అర్థమవుతుంది. వాళ్ళు అడ్డుపడటం వల్లనే హోటలు వాళ్ళు మురుగునీటి శుద్ధి విషయంలో అంత జాగ్రత్తగా ఉండాల్సి వచ్చిందని నా అభిప్రాయం. శుద్ధిచేసిన నీళ్ళు మొక్కలకి వాడతారు. చెత్తని వేరుచేసే చోటుని వచ్చినవాళ్ళకి తిప్పి చూపిస్తారు. తర్వాత లీడ్ అనే అమెరికా హరితభవన గుర్తింపు పొందిన తొలి హోటళ్ళలో అదొకటయింది. ఆ పత్రం గోడకి తగిలించుకున్నది హోటలు వాళ్ళే గానీ, అందులో కొంత వాటా ఆ ఊళ్ళవాళ్ళకీ ఉంది.

లోపలికి వెళ్ళడం ఎలా ఉంటుందో చెబుతాను. కారు ఏటవాలు దారిలో పైకెక్కి ఒక పెద్ద కప్పు కింద ఆగుతుంది. షాండిలియర్లు, పూలగుత్తులు ఏవీ లేవు. కొండరాళ్ళ మధ్య నుంచి గుహలాంటి నడవ. నేను ఏదో పొరపాటున వెనక దారిలో వచ్చాననుకున్నాను. చీకట్లో పదడుగులు వేసి మలుపు తిరిగితే ఒక్కసారిగా వెలుగు, కింద చెరువు, అంత దూరాన సిగిరియ. ఈతకొలను అంచు ఎక్కడ అయిపోయిందో, చెరువు ఎక్కడ మొదలయిందో కంటికి తెలియదు. నా పక్కన ఒక కోతి కూర్చుని ఉంది. దానికి అది మామూలే.

గదులు 150కి పైగా ఉన్నాయి. గదుల్లో ఏసీ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ గదుల దాకా వెళ్ళే నడవలకి ఒక పక్క గోడ లేదు. చాలా పొడుగు నడవలు. ఒక వైపు గది తలుపులు, మరో వైపు కొండ. రాయి దాదాపు చేతికందుతుంది. వాన వస్తే ఆ రాతి మీంచి నీళ్ళు కారడం చూస్తూ తడవకుండా గదికి పోతాం. మామూలు హోటళ్ళలో చల్లబరిచే స్థలంలో నడవలూ లాబీలూ మెట్లూ పెద్ద భాగం. ఇక్కడ వాటికి ఏసీ ఖర్చు లేదు, పగలు లైటు కూడా అక్కర్లేదు. మెట్ల పైన లకీ సేనానాయకే చేసిన పెద్ద గుడ్లగూబ శిల్పం రెక్కలు విప్పుకుని ఉంటుంది. అలంకారమంటే దాదాపు అదే. మిగతా అలంకారం అడవి.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది దాని ఒళ్ళు. మట్టీ వెదురూ తాటాకూ అనుకుని వెళ్ళాను. ఉత్త కాంక్రీటు స్తంభాలు! ముదురు రంగు వేసి, బయట చెక్క పట్టీలు కట్టి, వాటి మీదికి తీగలు పాకనిచ్చారు. పైకప్పు చదును, దాని మీద మొక్కలు. ఏళ్ళు గడిచేసరికి చెరువు మీంచి చూస్తే హోటలు ఎక్కడుందో వెతుక్కోవాలి. భవనాన్ని స్తంభాల మీద ఎత్తి పెట్టడం వల్ల కొండ మీంచి దిగే వాననీళ్ళు భవనం కిందుగా తమ దారిన తాము పోతాయి. నేల చదును చేయలేదు, నీటి దారి మళ్ళించలేదు. పచ్చటి భవనం అంటే మట్టి రంగులో ఉండేదని మనకొక భ్రమ ఉంది. అది రంగు సంగతి కాదు.

బాలీలో వెదురుతో కూడా గొప్ప పనులు జరిగాయి. 2008లో మొదలైన గ్రీన్ స్కూల్ అని ఒక బడి ఉంది, తరగతి గదులకి గోడలే లేవు. వెదురుకి పురుగు పట్టకుండా బోరాక్సు కలిపిన నీళ్ళు పట్టిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే అక్కడి ఫీజు వింటే మన కార్పొరేట్ బళ్ళే ధర్మసత్రాల్లా అనిపిస్తాయి, కాబట్టి ముందుకి పోతాను.

బావాకి ఈ పద్ధతి ఎలా అలవడింది? సిద్ధాంతాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అందులో లేమి కూడా కనపడుతుంది. 1960లలో శ్రీలంకలో విదేశీ మారకం కరువు. దిగుమతుల మీద ఆంక్షలు. గాజూ ఉక్కూ కావాలన్నా దొరకవు. ఆ రోజుల్లోనే కొలంబోలో బతిక్ కళాకారిణి ఎనా ద సిల్వాకి ఆయన ఒక ఇల్లు కట్టాడు. చిన్న స్థలం, చుట్టూ ఊరు. మధ్యలో పెద్ద ముంగిలి పెట్టి గదులన్నిటినీ దాని చుట్టూ తిప్పాడు. ఇటుక, కర్ర, రాయి, పెంకు, అంతా దొరికిన సరుకే. నడిమి ముంగిలిని సింహళంలో మెద మిదుల అంటారు. మన అమ్మమ్మలకి చూపిస్తే "ఓస్, మండువా లోగిలే గదా" అనేవాళ్ళు. ఈ మధ్య ఆ స్థలం అమ్ముడుపోతే, ఆ ఇంటిని కూల్చేయలేదు. 2009 నుంచి ముక్క ముక్క విప్పి, గుర్తులు వేసి, తీసుకెళ్ళి లునుగంగలో మళ్ళీ నిలబెట్టారు. 2016లో తలుపులు తెరిచారు. కూల్చడం ఒక్క పూట పని. వీళ్ళు ఏళ్ళు పెట్టారు.

ఆ కప్పుల మీద నాకు కనపడినవి గూన పెంకులు. సాక్షాత్తూ మా నాన్న పెంకులు! వేల మైళ్ళ చదువు చదివి, చెట్టు వెనక దాక్కున్న ఆ పెంకుని ఖరీదైన ఇంటి మీద చూసి నిలబడిపోయాను. అయితే గూన పెంకుకి ఉన్న జబ్బు మనకి తెలుసు. కోతి దూకినా పిల్లి నడిచినా కదులుతుంది, కారుతుంది. బావా కాలంలో దానికొక ఉపాయం కనిపెట్టారు. కింద ముడతల సిమెంటు రేకు వేసి, ఆ ముడతల్లో గూన పెంకులు పరిచారు. నీళ్ళు ఆపే పని రేకుది, ఎండ ఆపే పని పెంకుది.

కొలంబో నుంచి నాన్నకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "ఒరేయ్, అయితే పెంకు సోకుకేనన్నమాట" అన్నాడు. కాదు నాన్నా, ఒట్టి రేకైతే మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంది, పెంకు గొడుగు పట్టినట్టు దాన్ని కాపాడుతుంది, మధ్యలో గాలి ఉంటుంది అని వివరించాను. "మరి మే నెలలో మేస్త్రీకి పని?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు ఆయనా లేడు. ఆ రోజుల్లో వాడిన రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి ప్రమాదమని ఇవాళ అందరికీ తెలుసు. నేను అది లేని సిమెంటు రేకులే వాడతాను. పాతవాళ్ళు చేసిందల్లా ఒప్పని నేను అనడం లేదు.

ఇంటి లోపలి సంగతి రెండు మాటల్లో. మన వాళ్ళు కొత్త ఫ్లాటు కొని "ఇంటీరియర్స్‌కే ఇరవై లక్షలయింది" అంటారు. వెళ్ళి చూస్తే ఫాల్స్ సీలింగు, మూసేసిన బాల్కనీ, కిటికీకి అడ్డంగా బీరువా. నేను 1998 తర్వాత కట్టిన దీవి ఇళ్ళలో పాలరాయి లేదు. నున్నగా మెరుగుపెట్టిన సిమెంటు నేల, మన తాతల ఎర్ర గచ్చు లాంటిదే. కాపు ఉడిగిన కొబ్బరిచెట్టు మాను వెలుపలి భాగం చాలా గట్టిది. దానితో బల్లలూ మంచాలూ చేయిస్తాను. లోపలి గుజ్జు భాగం పనికిరాదు, తెలియక వాడితే విరుగుతుంది. కర్టెన్లకీ దిండ్లకీ పెడన కలంకారీ అచ్చు గుడ్డ మూడు దేశాలకి పంపించాను. గది మూసి పెడితే ఆ గుడ్డకి బూజు పడుతుంది. గాలి ఆడే గదిలో ఏళ్ళ తరబడి బాగుంటుంది. అంటే గుడ్డ ఎంచుకోవడానికి కూడా ముందు కిటికీ ఎంచుకోవాలి.

ఇదంతా చెప్పి, విలాసాన్నీ పర్యావరణాన్నీ నేను కలిపేశానని మాత్రం గొప్ప చెప్పుకోను. మాల్దీవుల్లో నేల 80 శాతానికి పైగా సముద్రమట్టానికి మీటరు ఎత్తు లోపే ఉంది. అలాంటి దీవి కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలే పల్చటి పొరగా ఉంటాయి. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది. అందుకని హోటళ్ళు సముద్రపు నీటినే శుద్ధి చేసుకుంటాయి. దానికి కరెంటు కావాలి, కరెంటుకి చాలాచోట్ల డీజిలే. అతిథి వచ్చేది విమానంలో. నేను ఎన్ని కిటికీలు పెట్టినా ఆ విమానాన్ని ఆపలేను. నా చేతిలో ఉన్నది, వచ్చిన మనిషి తెర వెనక కూర్చోకుండా గాలిలో కూర్చునేలా చేయడం. ఈ పాతికేళ్ళలో నేను చూసింది ఒకటి చెబుతాను. ప్రపంచంలో బాగా డబ్బున్నవాళ్ళు దీవికి వచ్చి, ఎక్కువ అద్దె ఇచ్చి అడిగి మరీ కోరుకునేది వెడల్పాటి చూరు కింద, రెండు వైపులా గాలి వచ్చే చోట, వాన చూస్తూ కూర్చునే వరండా. మనకి అది ఊరికే ఉంది. ఎనిమిదో తరగతి బి సెక్షన్ ముందు.

హెడ్మాస్టరు గారు నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక మాట అన్నారు. "బాబూ, నువ్వు చెప్పేది బాగానే ఉంది. పిల్లలు తగ్గిపోతున్నారు. తల్లిదండ్రులు బిల్డింగు చూసి చేర్పిస్తున్నారు. పెంకుల బడంటే పేదల బడి అనుకుంటున్నారు." ఆయన బాధ నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పెంకులు సర్దే మేస్త్రి కొడుకుగా ఆ చిన్నతనం ఏమిటో నాకు తెలుసు కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేను. ఇంకో మాట కూడా ఎవరో ఒకరు అంటారు, నేనే అనేస్తాను. 1977 నవంబరు 19 రాత్రి ఈ కప్పు సగం ఎగిరిపోయింది. నేను అప్పుడు ఆరో తరగతి. ఆ రాత్రి ఈ ఊళ్ళో ఎవరికి కావలసిందీ పెంకులు కాదు. నీళ్ళు అందని ఎత్తులో గట్టి కాంక్రీటు అంతస్తు.

అందుకే కాంక్రీటు గీశాను. కొత్త భవనం రోడ్డు వైపు కాదు, మైదానం ఉత్తరపు అంచున, తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటుంది. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి, కాబట్టి పడమటి ఎండ తగిలేది చిన్న గోడకే. దానికి కిటికీ లేదు. మొత్తం స్తంభాల మీద. ఉప్పెన వస్తే నీళ్ళు కిందుగా పోతాయి, మిగతా రోజుల్లో ఆ నీడలో మధ్యాహ్న భోజనాలు. పైన ఆరు గదులు, దక్షిణపు పైరగాలి లోపలికి వచ్చి ఉత్తరం వైపు బయటికి పోయేలా రెండు వైపులా కిటికీలు, పైన వెంటిలేటర్లు. వెడల్పాటి మెట్లు బయట నుంచి. ఏసీ కంప్యూటర్ గదికి మాత్రమే. నిద్రగన్నేరు చెట్టు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, మెట్లు దాని చుట్టూ తిరుగుతాయి. కమిటీ అంచనాలో దాదాపు మూడో వంతు అద్దాలకీ ఏసీలకీ ఉంది. ఆ డబ్బుతో ఈ హాలు కప్పు కర్రలు మార్పించి, రేకు మీద పెంకు వేయించవచ్చు. లెక్క రాసి పెట్టాను. రోడ్డు మీంచి చూసేవాళ్ళకి అద్దాలు కనపడవు. చెట్టూ, వరండా, వెనకగా ఎత్తైన కొత్త అంతస్తూ కనపడతాయి. అది చూసి ఒక్క తల్లి అయినా పిల్లని చేరుస్తుందా అంటే, నేను హామీ ఇవ్వలేను.

కమిటీ వాళ్ళు వద్దంటే అడ్డుపడను. వేరే ఆర్కిటెక్టుని పెట్టుకోండి, నా చందా అలాగే ఉంటుంది. కానీ పడమటి వైపు అద్దాల గోడ మాత్రం నా చేత్తో రెండోసారి గీయలేను.

డ్రాయింగులు స్టాఫ్ రూములో పొడుగు బల్ల మీద పరిచాను, రేపు సాయంత్రం దాకా ఉంటాయి. లెక్కల మాస్టారు తప్పులు దిద్దడానికి ఎర్ర పెన్సిల్ అడుగుతారని తెలుసు, అది కూడా పక్కనే పెట్టాను. భోజనాలయ్యాక మూడింటికి ఎండ పడమటికి తిరుగుతుంది. అప్పుడు మైదానంలో ఆ రేకుల షెడ్డు కింద ఓ పది నిమిషాలు, తర్వాత ఈ వరండాలో ఓ పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత పెన్సిల్ పట్టుకోండి.